హంసవేణి విరహం

ఆ సంవత్సరం ప్రభుత్వ లెక్కల ప్రకారం మా రేగులపాడులో రెండువందల ముప్పై ఆరుగురు మగవాళ్ళు ప్రేమలో విఫలమయ్యారు. వాళ్ళ సగటు వయసు నలభై ఏడు. పదకొండుమందికి మనవలున్నారు. అందరూ ప్రేమించింది ఒకే స్త్రీని. ఈ లెక్క తప్పని ఇంతవరకు ఏ కార్యాలయమూ అనలేదు. అనే అవకాశం కూడా లేదు. కంప్యూటర్లో ఎక్కించినవాణ్ణి నేనే. ఎక్కడా ఒక్క గడి ఖాళీ వదల్లేదు.

నా పేరు శేషగిరి. రేగులపాడు ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీలు రాస్తాను.

మా ఊరి బైపాస్ రోడ్డు మీద హంసవేణి స్పిన్నింగ్ మిల్లు ఉండేది. యజమాని వాళ్ళమ్మ పేరు పెట్టుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు మూడు షిఫ్టులూ ఆగకుండా నడిచింది. ఊళ్ళో సగం పొయ్యిలు ఆ మిల్లు మీదే వెలిగేవి. నూలుకు గిరాకీ పడిపోయింది, పై ఊళ్ళల్లో మిల్లులు ఒక్కటొక్కటే ఆగిపోయాయి, చివరికి జూన్ పద్నాలుగో తేదీ రెండో షిఫ్టు దిగాక మా మిల్లు గేటుకీ తాళం పడింది. గేటు మీద బోర్డు కట్టారు. మూసేశామని రాయలేదు. ‘నిరవధిక నిర్వహణ విరామం’ అని రాశారు.

ఆ భాష మా జిల్లా మనోల్లాస శాఖవారిది. జిల్లా ప్రజలను సంతోషంగా ఉంచడానికి అంతకు ముందు ఏడాదే ఆ శాఖ పెట్టారు. దాని ఉపసంచాలకులు అనంతపద్మనాభంగారు. మిల్లు మూసిన వారానికే ఆయన దగ్గర్నించి అన్ని ఆఫీసులకూ సర్క్యులర్ వచ్చింది. మాంద్యం అన్న మాట పలకడం వల్లే మాంద్యం ముదురుతుందనీ, కనుక ఇకమీదట జిల్లాలో ఆ మాట ఎవరూ పలకరాదనీ, రాయరాదనీ, తప్పనిసరైతే ‘ప్రగతి విశ్రాంతి’ అనాలనీ దాని సారాంశం. మేమందరం చదివి సంతకాలు పెట్టాం.

ఈ సంతకాల సంగతి తెలియనివాడు బత్తుల ఏసుపాదం. మిల్లులో రింగ్ ఫ్రేమ్ ఫిట్టరు. నూలు వడికే ఆ పెద్ద యంత్రాల్లో ఏది ఎక్కడ అరిగిందో చప్పుడు విని చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. గేటు మూసిన మర్నాడు కూడా తెల్లవారకముందే లేచి, ఖాకీ చొక్కా వేసుకుని, క్యారేజీ సైకిలుకి తగిలించుకుని మిల్లు దగ్గరికి వెళ్ళాడు. తాళం చూసి కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. పదిన్నరకి తన ఇంటి అరుగు మీదే కూర్చుని క్యారేజీ విప్పి తిన్నాడు. నెలరోజులు ఇలాగే చేశాడు.

తర్వాత చేతులు ఊరుకోలేదు. ఇంట్లో ఫ్యాను విప్పి బిగించాడు. పక్కింటి కుట్టుమిషను విప్పి బిగించాడు. ఎదురింటివాళ్ళ మిక్సీ విప్పి బిగించాడు. చర్చిలో హార్మోనియం విప్పాడు. బిగించాక అందులో ఒక మెట్టు పలకడం మానేసింది. ఆదివారం పాటల్లో ఆ స్వరం వచ్చినచోటల్లా జనం గొంతు పెంచి సర్దుకున్నారు.

అయినా అతని భార్య దీనమ్మ భయపడలేదు. ఆగస్టులో భయపడింది. ఒక సోమవారం పొద్దున అతణ్ణి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చింది. మనసు జబ్బుల డాక్టరు షమీమ్‌గారు మా ఊరికి సోమవారం, గురువారం వస్తారు. నేను ఆమె గదిలోనే ఒక మూల కంప్యూటరు దగ్గర కూర్చుంటాను.

“విప్పినన్నాళ్ళూ నాకు బయం లేదు డాక్టరమ్మగారూ,” అంది దీనమ్మ. “ఇప్పుడు ఏదీ విప్పట్లా. ఫ్యాను కిర్రుమంటా ఉంటే దాని కిందే కూచుని వింటా ఉన్నాడు. నిద్ర లేదు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నిన్న మా చిన్నమ్మాయి ‘నాన్నా’ అని మూడుసార్లు పిలిచింది. మూడోసారికి ‘ఎవురూ?’ అన్నాడమ్మా.”

డాక్టరుగారు ఏసుపాదం వైపు తిరిగారు. “ఏసుపాదంగారూ, ఎలా ఉంది?”

అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూశాడు. “బాగానే ఉంది మేడం. చప్పుడు లేదు. అదే, చెవుల్లో ఏం చప్పుడు లేదు.”

ఆమె చాలాసేపు మాట్లాడించారు. మందులు రాశారు, వారం వారం రమ్మన్నారు. నేను వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం మొదలుపెట్టాను. ‘దుఃఖకారణం’ అన్న గడి దగ్గర ఆగిపోయాను. అక్కడ మన ఇష్టం వచ్చింది రాయడానికి లేదు. మనోల్లాస శాఖవారు జాబితా ఇచ్చారు, అందులోంచి ఒకటి ఎంచాలి. ఎంచకపోతే మందుల కౌంటరుకి చీటీ పోదు.

“ఉద్యోగం పోవడం అని లేదు మేడం,” అన్నాను.

“సరిగ్గా చూడండి.”

“ప్రేమ వైఫల్యం, పరీక్ష వైఫల్యం, బంధువియోగం, అత్తాకోడళ్ళ వైమనస్యం, గ్రహస్థితి, వాతావరణం, ఇరుగుపొరుగు శబ్దాలు. అంతే.”

డాక్టరుగారు అక్కణ్ణించే అనంతపద్మనాభంగారికి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టారు.

“డాక్టరుగారూ, మీ జిజ్ఞాస అభినందనీయం,” అన్నారాయన. ఆయన గొంతు ఎప్పుడూ రిబ్బను కత్తిరించబోతున్నట్టు ఉంటుంది. “కానీ ఉద్యోగనష్టం వల్ల దుఃఖం అనేది మన జిల్లాలో సిద్ధాంతరీత్యా అసంభవం. కారణం ఏమనగా, జిల్లాలో ఉద్యోగనష్టం నమోదు కాలేదు. నమోదు కాని కారణానికి నమోదైన దుఃఖం ఎలా కలుగుతుంది?”

“సార్, మనిషి నా ఎదురుగా కూర్చున్నాడు. వారాల తరబడి నిద్రపోలేదు.”

“నిద్రలేమిని మేము కాదనడం లేదు. దాని కారణాన్ని మాత్రమే సవినయంగా నిరాకరిస్తున్నాం. జాబితాలో సముచితమైనదాన్ని ఎంపిక చేయగలరు.”

ఫోన్ పెట్టేశారు. దీనమ్మే అడిగింది. “ఆటిల్లో దేనికైతే తొందరగా మందులిస్తారు సారూ?”

నేను నిబంధనలు చూసి చెప్పాను. పరీక్ష వైఫల్యానికి హాల్ టికెట్ కావాలి. బంధువియోగానికి మరణ ధ్రువపత్రం కావాలి. అత్తాకోడళ్ళ వైమనస్యానికి ఇద్దరూ వచ్చి ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. గ్రహస్థితికి జాతకం జెరాక్స్ రెండు కాపీలు. ప్రేమ వైఫల్యానికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. నోటిమాట చాలు.

“అయితే అదే రాయండి,” అంది దీనమ్మ.

ఏసుపాదం ఆ ఉదయం మొదటిసారి తలెత్తాడు. “ఏందే?”

“ఏంది ఏంది? నీకు నిద్రపట్టాలా వద్దా?”

“ప్రియురాలి పేరు కావాలి,” అన్నాను నేను. “అది రాయకపోతే ముందుకు పోదు.”

దీనమ్మ క్షణం ఆలోచించింది. “హంసవేణి,” అంది.

డాక్టరుగారు కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. వద్దనలేదు. నేను రాశాను. వయసు ముప్పై ఒకటి. నివాసం బైపాస్ రోడ్డు. పరిచయం ఇరవై ఆరేళ్ళు. ఆఖరిసారి కలిసింది జూన్ పద్నాలుగు, మొదటి షిఫ్టు. విడిపోవడానికి కారణం అన్నచోట, “ఆమె గేటు మూసుకుంది,” అన్నాడు ఏసుపాదం మెల్లిగా. చీటీ కౌంటరుకి వెళ్ళింది. పది నిమిషాల్లో మందులు వచ్చాయి.

ఈ సంగతి ఊళ్ళో దాగలేదు. గురువారం నాటికి బెంచీ మీద తొమ్మిదిమంది కూర్చున్నారు. అందరూ మిల్లు మనుషులే. నిద్రపట్టనివాళ్ళు, ఒంటరిగా గొణుక్కునేవాళ్ళు, గుండె దడదడలాడి చచ్చిపోతున్నామేమోనని పరుగెత్తుకొచ్చినవాళ్ళు, పిల్లల మీద చెయ్యి చేసుకుని తర్వాత తామే ఏడ్చినవాళ్ళు. లోపలికి వస్తూనే, “మాదీ అదేనండీ, హంసవేణి,” అనేవాళ్ళు. ఇద్దరు సూపర్వైజర్లు మాత్రం సిగ్గుపడి చెవిలో చెప్పారు. నూలు చుట్టే వైండింగ్ సెక్షన్లో పనిచేసిన ఆడవాళ్ళు నలభై ఒక్కమంది ప్రేమ గొడవ మనకెందుకని వాతావరణం కింద రాయించుకున్నారు. దాంతో వాతావరణ శాఖ నుంచి ఒకాయన వచ్చి ఆసుపత్రి డాబా మీద వర్షపాతం కొలిచే డబ్బా బిగించి వెళ్ళాడు. అది ఇంకా అక్కడే ఉంది.

అక్టోబరు వచ్చేసరికి హంసవేణిని పోగొట్టుకున్నవాళ్ళు రెండువందల ముప్పై ఆరు అయ్యారు. పై ఆఫీసులో జిల్లా పటం మీద రేగులపాడు ఎర్రగా వెలిగింది. అనంతపద్మనాభంగారు స్వయంగా జీపు దిగారు.

ఆర్ అండ్ బి అతిథి గృహంలో విచారణ పెట్టారు. రికార్డులు చూపించడానికి నన్నూ, వైద్యపరమైన వివరణకు డాక్టరుగారినీ పిలిచారు. ఆయన ముందు రెండువందల ముప్పై ఆరు చీటీల కట్ట ఉంది. ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. పాపం, నిజంగానే కలత పడ్డారు.

“ఒకే స్త్రీ!” అన్నారు. “సామాజిక చరిత్రలో ఇది అపూర్వ ఘట్టం. మొదటి బాధితుణ్ణి ప్రవేశపెట్టండి.”

ఏసుపాదం వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి మందులతో కాస్త నిద్రపడుతోంది. మొహంలో కొంచెం నెత్తురుంది.

“హంసవేణితో నీకు పరిచయం ఎలా కలిగింది?”

“మా మేనమావ తీసకపొయ్యాడండీ. ఆయనా అక్కడే ఉండేవాడు.”

అనంతపద్మనాభంగారు కలం కింద పెట్టారు. “మేనమామ కూడానా?”

“ఆయన రిటైరైపోయాడండీ.”

“నీ భార్యకు ఈ విషయం తెలుసా?”

“తెలవకపోవడం ఏందండీ? ఆమెను చూసే గదా మా మావ పిల్లనిచ్చింది. హంసవేణిలో కుదురుకున్నాడంటే ఇంక డోకా లేదన్నాడు.”

“మిగతా రెండువందల ముప్పై అయిదుగురి సంగతి నీకు ముందే తెలుసా? అసూయ కలగలేదా?”

“అసూయెందుకండీ? మూడు షిఫ్టులు గదా. ఎవురి టైము వాళ్ళది.”

ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నారు. డాక్టరుగారు ఇక ఊరుకోలేక లేచి నిలబడ్డారు. “సార్, హంసవేణి మనిషి కాదు. మిల్లు. వీళ్ళందరూ ఆ మిల్లు కార్మికులు. పని పోయింది, అందుకు జబ్బుపడ్డారు. మీ జాబితాలో ఆ కారణం లేదు కాబట్టి ఇలా రాయాల్సొచ్చింది.”

అనంతపద్మనాభంగారు గ్లాసు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూశారు. ఆ కిటికీలోంచి మిల్లు పొగగొట్టం కనిపిస్తుంది.

“డాక్టరుగారూ,” అన్నారు చివరికి, చాలా మర్యాదగా. “మీరు చెప్పింది నేను వినలేదు. వింటే జిల్లాలో ఒక మిల్లు మూతపడిందని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ప్రగతి విశ్రాంతి కాస్తా పలకకూడని ఆ మాట అయి కూర్చుంటుంది. అదే హంసవేణి స్త్రీ అయితే సమస్య రెండువందల ముప్పై ఆరుగురిది మాత్రమే. శాఖ దాన్ని ఎదుర్కోగలదు.”

శాఖ ఎదుర్కొంది. మొదట హంసవేణికి నోటీసు ఇచ్చారు. ‘శ్రీమతి/కుమారి హంసవేణి, బైపాస్ రోడ్డు, రేగులపాడు. మీ ప్రవర్తన వల్ల ప్రజల మనోల్లాసానికి భంగం కలుగుతున్నందున ఏడు రోజుల్లోగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెను.’ చిరునామాదారు లేకపోవడంతో నిబంధన ప్రకారం తలుపుకు, అంటే మిల్లు గేటుకు అంటించారు. అది చూడ్డానికి ఊరంతా వెళ్ళింది. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ గేటు ముందు జనం నవ్వారు. దీనమ్మ చదివించుకుని, “వస్తే బాగుణ్ణు,” అంది.

ఆమె రాలేదు. దాంతో శాఖవారు ‘ప్రేమ వైఫల్య నివారణ పథకం’ ప్రకటించారు. దాని ప్రకారం బాధితుల ఇళ్ళకు రోజూ వెళ్ళి, వాళ్ళ బాధ విని, ఊరట చెప్పడానికి ‘ఊరట సహచరులు’ కావాలి. అర్హత, ప్రేమలో విఫలమైన అనుభవం ఉండి, దానికి ప్రభుత్వ ధ్రువీకరణ ఉండాలి. రాష్ట్రం మొత్తం మీద ఆ ధ్రువీకరణ ఉన్నవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. లాటరీ తీసి సగంమందిని, నూట పద్దెనిమిది మందిని, నెల జీతం మీద తీసుకున్నారు. వాళ్ళు మిగిలిన నూట పద్దెనిమిది మందిని ఓదార్చాలి. ఒక్కొక్కరికీ నీలంరంగు టోపీ, ఒక రిజిస్టరు. పొద్దున తొమ్మిదింటికి డ్యూటీ.

ఏసుపాదం పేరు లాటరీలో వచ్చింది. టోపీ పెట్టుకుని సైకిలెక్కిన రోజు అతను మళ్ళీ క్యారేజీ అడిగాడని దీనమ్మ నాతో చెప్పింది. చెప్తూ కొంగుతో మొహం కప్పుకుంది.

అతనికి అప్పగించిన బాధితుడు నాగమల్లేశు. పత్తి బేళ్ళు విప్పి దులిపే బ్లోరూమ్‌లో పనిచేసేవాడు. భార్య చాలాకాలం క్రితమే పోయింది. పిల్లలు లేరు. ఆ మిల్లు దుమ్ము, ఆ గోల, ఆ షిఫ్టు మనుషులే అతని సంసారం. ఏసుపాదం వెళ్ళేసరికి తలుపు ఓరగా వేసుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“బావా, నేను. గవర్నమెంటు తరపునొచ్చా,” అన్నాడు ఏసుపాదం.

రిజిస్టర్లో ‘బాధితుడు పలికిన మాటల సంఖ్య’ అన్న గడిలో సున్నా వేసుకున్నాడు. రెండో రోజూ సున్నా. ఓదార్చడం ఎలాగో ఏసుపాదానికి తెలీదు. శాఖవారిచ్చిన పుస్తకంలో ‘ఆమెను మరచి కొత్త జీవితాన్ని ఆహ్వానించండి’ అని ఉంది. అది చదవడానికి అతనికి నోరు రాలేదు. ఊరికే కూర్చునేవాడు. మూడో రోజు ఇల్లు ఊడ్చాడు. నాలుగో రోజు టీ కాచాడు. తొమ్మిది రోజులు సున్నాలే.

పదో రోజు నాగమల్లేశు గోడవైపు తిరిగే, “బావా,” అన్నాడు. “నేను లేకపోతే ఎవురికన్నా తేడా తెలుస్తదా?”

ఈ సంగతి ఏసుపాదమే తర్వాత నాకు చెప్పాడు. పుస్తకంలో దీనికి జవాబు లేదు. రిజిస్టర్లో గడి లేదు.

“నాకు తెలుస్తది,” అన్నాడు. “పొద్దున తొమ్మిదింటికి నేను యాడికి పోవాల? చెప్పు. యాడికి పోవాల?”

నాగమల్లేశు ఇటు తిరిగాడు. ఏసుపాదం ఇంకేం మాట్లాడకుండా అతణ్ణి లేపి, మొహం కడిగించి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఆ రోజు బుధవారం. డాక్టరుగారు వచ్చే రోజు కాదు. నేను ఫోన్ చేశాను. ఆమె జిల్లా కేంద్రం నుంచి బస్సెక్కి వచ్చారు. ఆ సాయంత్రమంతా అతని దగ్గరే ఉన్నారు. వార్డులో వారం రోజులు పెట్టుకున్నారు. ఆ వారమూ ఏసుపాదం టోపీ పెట్టుకుని తొమ్మిదింటికల్లా వార్డులో హాజరు. ఎనిమిదో రోజు నాగమల్లేశు ఇడ్లీ తింటూ, చట్నీలో ఉప్పు లేదన్నాడు. ఏసుపాదం రిజిస్టర్లో ‘మూడు మాటలు’ అని రాసి, ఆ పేజీ తెచ్చి నాకు చూపించాడు.

డిసెంబరులో శాఖవారు ఫలితాలు మదింపు చేశారు. సహచరులుగా చేరిన నూట పద్దెనిమిది మందిలో దాదాపు అందరూ కోలుకున్నారు. నిద్రపోతున్నారు, తింటున్నారు, పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. వాళ్ళు ఓదార్చినవాళ్ళలో మాత్రం సగమే కోలుకున్నారు. ఎందుకీ తేడా? డాక్టరు షమీమ్‌గారు ఒకే ఒక వాక్యం రాసి పంపారు. ‘పని దొరికినవాళ్ళు త్వరగా కోలుకున్నారు.’ ఆ కాగితం వెనక్కి వచ్చింది. ‘పని’ అన్నది వేరే శాఖ పరిధిలోనిదని ఎర్ర సిరాతో రాసి ఉంది.

అనంతపద్మనాభంగారే పరిష్కారం కనుక్కున్నారు. రెండు వర్గాల మధ్య కంటికి కనిపించే తేడా ఒక్కటే. టోపీ. నీలిరంగుకు చిత్తశాంతిని కలిగించే గుణం ఉందని ఒక నివేదిక తయారైంది. మిగిలిన నూట పద్దెనిమిది మందికీ టోపీలు పంచారు, జీతం లేకుండా. నెల గడిచినా గుణం కనిపించలేదు. టోపీల సైజులో లోపముందని కాంట్రాక్టరుకి నోటీసు వెళ్ళింది.

అయినా మొత్తం మీద బాధితుల సంఖ్య నాలుగో వంతుకు పడిపోయింది. లక్ష్యం నెరవేరింది. మున్సిపల్ కల్యాణ మండపంలో విజయోత్సవ సభ పెట్టారు. రెండువందల ముప్పై ఆరుగురూ కుటుంబాలతో రావాలని ఉత్తర్వు. వేదిక మీద అనంతపద్మనాభంగారు రేగులపాడు ప్రేమ నుంచి విముక్తి పొందిందని ప్రకటించారు. తర్వాత ఒక శాలువా తెప్పించి, “ఈ దారుణాన్ని నోరు మెదపక భరించిన గృహిణులందరి తరపునా శ్రీమతి దీనమ్మగారిని సత్కరిస్తున్నాం,” అన్నారు. “అమ్మా, ఆ హంసవేణిని మీరు క్షమించగలరా? రెండు ముక్కలు చెప్పండి.”

దీనమ్మ మైకు ముందు నిలబడింది. ఎప్పుడూ మైకు పట్టుకోని మనిషి. మైకుకి జానెడు దూరంలో నోరు పెట్టి గట్టిగా మాట్లాడింది.

“నాకు ఆమె మీద కోపం లేదండీ. నా ఇద్దరాడపిల్లల్ని చదివిచ్చింది ఆమే. మా ఇంటికి రేకులు తీసి స్లాబు ఏయించింది ఆమే. మా అత్త మంచాన పడితే మందులు తెచ్చింది ఆమే. ఆయన రాత్తిరి డూటీ దిగి ఇంటికొస్తే జుట్టంతా దూది ఉండేది. ఇరవై ఆరేళ్ళు నేనే దులిపా. ఇప్పుడు ఆ తల చూస్తే నాకే ఏదోగా ఉంటది. క్షమించడం ఏందండీ? తిరిగొస్తే నేనే ఎదురుపోయి కాళ్ళు కడిగి లోపలికి తెచ్చుకుంటా.”

మండపంలో వెనక వరసలో ఎవరో కుర్చీ నెట్టుకుని లేచారు. ఆ వెనక ఇంకొకరు. రెండువందల ముప్పై ఆరుగురూ, వాతావరణం ఆడవాళ్ళు నలభై ఒక్కమందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చాలామంది ఏడుస్తూ కొట్టారు. నేనూ కొట్టాను. డాక్టరుగారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకుంటున్నారు. అనంతపద్మనాభంగారికి కూడా కళ్ళు చెమర్చాయి. సభ నివేదికలో ఆయన, ‘సవతిని సైతం ఆదరించు భారతీయ స్త్రీ ఔదార్యం ప్రత్యక్షంగా దర్శించబడింది’ అని రాయించారు.

లక్ష్యం నెరవేరాక పథకం కొనసాగించడం వృథా గనక మర్నాటి నుంచే రద్దయింది. ఊరట సహచరులు టోపీలు, రిజిస్టర్లు అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. అప్పగించారు. నేనే లెక్కపెట్టి తీసుకున్నాను. ఇక వీళ్ళందరూ మళ్ళీ నా బెంచీ మీదకే వస్తారని కొత్త చీటీ పుస్తకాలు తెప్పించి పెట్టుకున్నాను.

చాలామంది వచ్చారు. ఏసుపాదం మాత్రం రాలేదు. పొద్దున తొమ్మిదింటికి టోపీ లేకుండా, రిజిస్టరు లేకుండా నాగమల్లేశు ఇంటికి వెళ్ళాడట. ఎందుకెళ్ళావని అడిగితే, “వాడు చూస్తా ఉంటాడు గదండీ,” అన్నాడు. మిగతావాళ్ళలో కూడా కొందరు అలాగే వెళ్తున్నారని తర్వాత తెలిసింది. మిల్లు ఆ ఏడు తెరవలేదు. ఆ తర్వాతా తెరవలేదు. కొందరు మిరపకాయల కోల్డ్ స్టోరేజీల్లో చేరారు, కొందరు కుటుంబాలతో వేరే ఊళ్ళకు వెళ్ళారు. ఏసుపాదం, నాగమల్లేశు కలిసి బస్టాండు పక్కన రేకుల షెడ్డులో మోటార్లు, కుట్టుమిషన్లు బాగుచేయడం మొదలుపెట్టారు. పని రోజూ ఉండదు. ఉన్న రోజు బాగుంటుంది, లేని రోజు ఇద్దరూ పాత చప్పుళ్ళ గురించి మాట్లాడుకుంటారు. మందులు ఏసుపాదం మరో ఏడాది వాడాడు. డాక్టరుగారు అడిగి అడిగి చివరికి జాబితాలో ‘ఇతరములు’ అనే ఒక గడి సాధించారు. ఇప్పుడు మా ఆసుపత్రిలో అందరిదీ ఇతరములే.

ఆ ఫిబ్రవరిలోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో దుఃఖం తగినంత తగ్గినందునా, ప్రభుత్వం పొదుపు పాటించవలసి ఉన్నందునా మనోల్లాస శాఖను రద్దు చేశారు. ఉపసంచాలకులవారికి తదుపరి నియామకం తర్వాత తెలియజేయబడుతుందని రాశారు. అంతవరకు మా ఊరి అతిథి గృహంలోనే ఉండమన్నారు. జీపు తీసుకెళ్ళారు.

అతిథి గృహంలో నీళ్ళ మోటారు చెడిపోతే ఏసుపాదాన్ని పిలిచారు. నేను ఆ దారినే వెళ్తూ ఆగాను. వరండాలో అనంతపద్మనాభంగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బూట్లు వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా బల్ల మీద ఏమీ లేదు. మూడు వారాల్నించీ రోజూ తొమ్మిదింటికి అలా వచ్చి కూర్చుని, అయిదింటికి లోపలికి వెళ్తున్నారని వాచ్‌మన్ చెప్పాడు. రెండు రోజులుగా భోజనం ప్లేటు అలాగే తిరిగొస్తోందట.

ఏసుపాదం మోటారు బిగించాడు. చేతులు కడుక్కున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. బజారులోకి వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, ఒకటి ఆయన ముందు పెట్టి, తను మెట్టు మీద కూర్చున్నాడు.

“నాకేమీ ఇబ్బంది లేదయ్యా,” అన్నారు అనంతపద్మనాభంగారు. “ఊరికే కూర్చున్నాను.”

“కూచోండి సార్. నాకూ ఇయ్యాళ పెద్దగా పనేం లేదు.”

ఆయన టీ ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టింది. తర్వాత ఆయన గ్లాసు అందుకుని, కాంపౌండు గోడ అవతల కనిపిస్తున్న పొగగొట్టం వైపు చూస్తూ అడిగారు.

“ఆ మిల్లులో... మొత్తం ఎంతమంది ఉండేవాళ్ళయ్యా?”

ఏసుపాదం చెప్పడం మొదలుపెట్టాడు. ముందు అంకె చెప్పాడు. తర్వాత సెక్షన్లు చెప్పాడు, తర్వాత మనుషుల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. ఆయన ఎక్కడా ఆపలేదు. రాసుకోవడానికి ఆయన దగ్గర కాగితం కూడా లేదు.